వలస కుటుంబాలు, సర్కారు సాయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ మధ్య అమలాపురం, భీమవరం, తణుకు, రాజోలు వైపుల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావాటి సారం ఒక్కటే. ఊరు విడిచి బతకబోయినవాళ్లు అక్కడి ప్రభుత్వ సొమ్ము మీద ఎంతవరకు ఆధారపడతారు, మన దగ్గరికి బతకవచ్చినవాళ్లు మన ప్రభుత్వ సొమ్ము మీద ఎంతవరకు ఆధారపడుతున్నారు అన్నదే అందరి సందేహం. వేర్వేరు సంచికలలో జవాబిస్తే చెప్పిందే మళ్లీ చెప్పవలసి వస్తుంది కనుక, కొన్ని ఉత్తరాలను ఎంచి ఇక్కడ ఒక్కచోట చేర్చాం.

ప్రశ్న: అమెరికాలో వలస వచ్చినవారి ఇళ్లలో సగానికి పైగా ప్రభుత్వ సాయంతోనే నడుస్తున్నాయనీ, అక్కడ పుట్టినవారి ఇళ్లలో మూడోవంతు కూడా అలా లేవనీ మా వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టారు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడేమో వలసదారులు స్థానికులకంటే తక్కువే తీసుకుంటారని వాదిస్తున్నాడు. ఇద్దరూ ఎక్కడో చదివే చెబుతున్నారు. ఏది నిజం? — విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, ఇద్దరూ చదివింది ఉన్నదే. లెక్క ఎలా వేశారో చెప్పే మొదటి పేజీని వదిలేసి, చివర తేలిన అంకెను మాత్రం ఇద్దరూ పట్టుకొచ్చారు. మీ గ్రూపులో తిరుగుతున్న అంకె సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అనే వాషింగ్టన్ సంస్థ 2015లో వెలువరించిన నివేదికలోనిది. అమెరికా జనగణన విభాగం సేకరించిన 2012 నాటి సర్వే వివరాలను తీసుకుని, ఇంటి పెద్ద విదేశంలో పుట్టినవారైతే అలాంటి ఇళ్లలో 51 శాతం, ఇంటి పెద్ద అమెరికాలోనే పుట్టినవారైతే 30 శాతం కనీసం ఒక సంక్షేమ పథకాన్ని వాడుకున్నాయని ఆ నివేదిక తేల్చింది. వలసలు తగ్గాలని కోరే సంస్థ అది. మీ మేనల్లుడు చెబుతున్నది బహుశా కేటో ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క. మార్కెట్‌కు స్వేచ్ఛ ఉండాలనీ, వలసలకు తలుపులు తెరిచి ఉంచాలనీ కోరే సంస్థ ఇది. ఒక్కొక్క మనిషికి ఎంత సొమ్ము చేరిందో లెక్కగట్టి, వలస వచ్చినవారి తలసరి వాడకం స్థానికులకంటే తక్కువని 2018లో ఇది చూపించింది. ఎవరికి కావలసిన లెక్క వారు వేసుకున్నారని మీరు అనుకుంటే నేను కాదనను. అయినా రెండు చోట్లా కూడిక తప్పలేదు, కూడినవి వేరు.

టెక్సాస్‌లో ఒక ఇంటిని ఊహించండి. తండ్రి హోండురాస్ నుంచి వచ్చి మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, తల్లి మోటెల్ గదులు శుభ్రం చేస్తుంది, ఇద్దరికీ కాగితాలు లేవు, అందుచేత ఆహార సాయానికి గాని, నగదు సాయానికి గాని, మామూలు వైద్య సాయానికి గాని ఇద్దరికీ అర్హత లేదు. అక్కడే పుట్టిన ఏడేళ్ల కూతురికి మాత్రం మెడికెయిడ్ అనే పేదల ఆరోగ్య బీమా ఉంది, బడిలో మధ్యాహ్న భోజనం ఉచితంగా పెడతారు. ఇంటిని లెక్కించే పద్ధతిలో ఇది "సంక్షేమం వాడుకుంటున్న వలస కుటుంబం". మనిషిని లెక్కించే పద్ధతిలో, సాయం పొందుతున్న ఆ ఒక్క పిల్లా పుట్టుకతో అమెరికన్ కనుక, ఆమె ఖాతా స్థానికుల వైపుకు పోతుంది, తల్లిదండ్రుల ఖాతా సున్నాగా మిగులుతుంది. మన పక్క ఒక ఇంట్లో అవ్వకు పింఛను వస్తుంటే, కొబ్బరి వ్యాపారం చేసుకునే కొడుకునూ, బడిపంతులైన కోడలినీ కలిపి ఆ ఇల్లంతా పింఛను మీద బతుకుతోందని రాసుకుంటే ఎలా ఉంటుందో ఇంటి లెక్కలోనూ ఆ చిక్కే ఉంది. అలాగని తలసరి లెక్కకు చిక్కు లేకపోలేదు. పిల్లలను వలస తల్లిదండ్రుల నుంచి విడదీస్తే, వాళ్లు ఆ కుటుంబంలో పుట్టబట్టే ఆ ఖర్చు వచ్చిందన్న సంగతి లెక్కలో కనిపించకుండా పోతుంది.

రెండు లెక్కలలో చేర్చిన పథకాలు కూడా ఒకటి కావు. 2015 నివేదిక పేదరికాన్ని బట్టి ఇచ్చే సాయాలను మాత్రమే చూసింది. బడి భోజనం, పాలిచ్చే తల్లులకూ పసిపిల్లలకూ ఇచ్చే పోషకాహారం వంటివి కూడా అందులో ఉన్నాయి. కేటో లెక్కలో వృద్ధులకు వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను, మెడికేర్ వైద్య బీమా కూడా చేరాయి. ఈ రెండింటి మీద అమెరికా ప్రభుత్వం పెట్టే ఖర్చు చాలా పెద్దది, వీటిని ఎక్కువగా అందుకునేది అక్కడే పుట్టి అక్కడే ముసలివారైనవారు. పైగా ఒక పథకాన్ని వాడుకున్నారా లేదా అని అడగడం వేరు, ఎన్ని డాలర్లు అందాయని అడగడం వేరు. నెలకు కొద్దిపాటి సాయం అందుకున్న ఇల్లూ, ఇంటద్దెతో సహా అన్నీ అందుకున్న ఇల్లూ మొదటి లెక్కలో సమానమే.

ఆ నివేదికలోనే మీ గ్రూపువారు దాటవేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వలసవారికీ స్థానికులకూ తేడా అంతా ఆహార సాయంలోనూ మెడికెయిడ్‌లోనూ ఉంది. నగదు సాయంలో తేడా స్వల్పం, ఇంటి సాయంలో దాదాపు లేనే లేదు. సాయం తీసుకునే వలస ఇళ్లలో అత్యధిక భాగం కనీసం ఒకరు పనికి పోతున్నవే. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లవి, పని మానేసి కూర్చున్నవి కావు. పుట్టిన ప్రాంతాన్ని బట్టి చూస్తే మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవారి ఇళ్లలో వాడకం 73 శాతం, యూరప్ నుంచి వచ్చినవారిలో 26 శాతం, దక్షిణాసియా నుంచి వచ్చినవారిలో 17 శాతం. ఈ 17ను చూసి మనం మీసం మెలేయనక్కరలేదు. భారతదేశం నుంచి అమెరికా ఎక్కువగా తీసుకుంటున్నది ఇంజనీర్లనూ డాక్టర్లనూ పై చదువుల విద్యార్థులనూ. కోనసీమలో కొబ్బరి దింపే కార్మికుడికి, నిపుణుల ఉద్యోగాలకిచ్చే హెచ్-1బి వీసా ఇవ్వరు. హైస్కూలు దాటని మనిషికి ఏ దేశంలో పుట్టినా తక్కువ జీతమే దక్కుతుంది, ఆ జీతంతో నలుగురిని పోషించే ఇల్లు ఎవరిదైనా సాయానికి అర్హమవుతుంది. స్థానికులకూ వలసవారికీ మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగం చదువుకూ, జీతానికీ, ఇంట్లో ఉన్న పిల్లల సంఖ్యకూ సంబంధించినదని నా అభిప్రాయం.

విమానం దిగగానే సాయం మొదలవుతుందన్న అపోహ కూడా ఒకటుంది. 1996 ఆగస్టులో బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టం, గ్రీన్ కార్డు వచ్చిన పెద్దలకు సైతం మొదటి అయిదేళ్లపాటు చాలా కేంద్ర పథకాలను మూసివేసింది. హెచ్-1బి, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక అనుమతులతో ఉన్నవారికి ఆ పథకాలు అసలు వర్తించవు. శరణార్థులకు మొదట్లో మినహాయింపు ఉండేది గాని, 2025 జూలైలో వచ్చిన చట్టం ఆహార సాయం నుంచి వారినీ తప్పించింది.

తీసుకున్నది లెక్కిస్తున్నప్పుడు ఇచ్చింది కూడా లెక్కించాలి గదా. మీ మేనల్లుడి జీతం నుంచి నిర్ణీత పరిమితి వరకు 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి, 1.45 శాతం మెడికేర్‌కు కోతపడుతుంది, యజమాని మరో అంత కడతాడు. భారత్, అమెరికాల మధ్య ఈ చందాలను పరస్పరం గుర్తించే ఒప్పందం నేటికీ లేదు కనుక, 40 త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు, చందా కట్టకుండా తిరిగి వచ్చేసినవారికి ఆ పింఛను రాదు. దొంగ నంబర్ల మీద పనిచేసే కాగితాలు లేనివారి జీతాల నుంచి కూడా ఈ కోత పడుతూనే ఉంటుంది, తిరిగి అందుకునే దారి వారికి లేదు. అమెరికా జాతీయ అకాడమీల నివేదిక 2016లో ఈ జమాఖర్చులను విస్తారంగా పరిశీలించింది. మొదటి తరం వలసవారి వల్ల రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు నికరంగా ఖర్చు పడుతుందనీ, దానికి ముఖ్య కారణం వారి పిల్లల చదువులనీ, ఆ పిల్లలే పెద్దవాళ్లయ్యాక జనాభాలో అందరికంటే బలమైన పన్ను చెల్లింపుదారులలో ఉంటున్నారనీ చెప్పింది. మాస్టారూ, బడి ఖర్చు ఏ ఖాతాలో వేయాలో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: అమెరికాలో ఏటా 27 లక్షల రూపాయలు సంపాదించే కుటుంబం కూడా పేదదేనని మా అధ్యాపకులు అన్నారు. మా నాన్నగారు ఆరెకరాల కౌలు చేసినా అందులో పదోవంతు మిగలదు. ఇది నమ్మదగ్గ మాటేనా? — ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: మీ అధ్యాపకులు చెప్పిన అంకె సరైనదే. 2025లో నలుగురున్న కుటుంబానికి అమెరికా ప్రభుత్వ దారిద్ర్య రేఖ ఏడాదికి 32,150 డాలర్లు, ఒంటరి మనిషికి 15,650 డాలర్లు. ఈ రేఖకు మూలం 1960ల మొదట్లో మాలీ ఒర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ ఉద్యోగిని వేసిన లెక్క. అప్పటి కుటుంబాలు ఆదాయంలో దాదాపు మూడోవంతు తిండికి ఖర్చుపెట్టేవి కనుక, పొదుపుగా తింటే అయ్యే ఖర్చును మూడింతలు చేసి ఆమె రేఖ గీశారు. ఆ తరువాత ధరలకు తగినట్లు పెంచుతున్నారే తప్ప లెక్క మూలాన్ని మార్చలేదు. ఈలోగా తిండి వాటా తగ్గింది, ఇంటద్దె, వైద్యం, పసిపిల్లల సంరక్షణ ఖర్చులు మోయలేనంతగా పెరిగాయి.

డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడడం వల్లే మీకీ ఆశ్చర్యం కలిగింది. ఆ కుటుంబం అద్దె కట్టేది డాలర్లలో, పాలు కొనేదీ డాలర్లలోనే. కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు; 2009 నుంచి అది పెరగలేదు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా ఒక్కరోజు నాగా లేకుండా పనిచేస్తే వచ్చేది 15,080 డాలర్లు. భార్యాభర్తలిద్దరూ అలా పనిచేసినా 30,160 దాటదు, ఇద్దరు పిల్లలుంటే రేఖకు కిందనే ఉంటారు. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ కనీస వేతనం నిర్ణయించుకున్నాయి గాని, టెక్సాస్, జార్జియా వంటి చోట్ల ఇప్పటికీ ఈ 7.25 డాలర్లే వర్తిస్తోంది.

అమెరికా మొత్తం మీద 2023లో ఈ రేఖకు దిగువన ఉన్నవారు 11.1 శాతం. వలస వచ్చి పౌరసత్వం పొందినవారిలో పేదరికం స్థానికుల స్థాయికి దగ్గరగానే ఉంటుంది, పౌరసత్వం లేనివారిలో స్పష్టంగా ఎక్కువ. పౌరసత్వం రావాలంటే ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో భాష వస్తుంది, పని కుదురుకుంటుంది, చదువు తక్కువైనవారు కొందరు తిరిగి వెళ్లిపోతారు కూడా.

మన దగ్గర ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ కమిటీ సూచించిన పద్ధతిలో 2011–12కు గీసిన రేఖ పల్లెల్లో మనిషికి నెలకు 816 రూపాయలు, పట్టణాల్లో 1,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితి దీనికి సంబంధం లేనిది. అది పల్లెల్లో కుటుంబానికి నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు. ఒక రేఖ పేదలను లెక్కపెట్టడానికి, మరొకటి బియ్యం ఎవరికివ్వాలో తేల్చడానికి గీసినవి కనుక, మీ ఇంట్లో కార్డు ఉన్నంత మాత్రాన మీరు మొదటి రేఖకు కింద ఉన్నట్టు కాదు. మీ నాన్నగారి సంగతి రేఖలతో తేలేది కాదు. కౌలు బస్తాలు పంటకు ముందే ఖాయమై, వానకు చేను పడిపోయినా కొలవవలసి రావడం ఏ ఆదాయ సర్వేలోనూ సరిగ్గా పట్టుబడదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి అమెరికాలో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తూ ఈ మధ్య దాన్ని పోగొట్టుకున్నాడు. కోడలికి పని చేసే అనుమతి లేదు. మూడేళ్ల మనవడు అక్కడే పుట్టాడు. ప్రభుత్వ సాయం ఏమైనా అడగవచ్చా, అడిగితే గ్రీన్ కార్డు రాకుండా పోతుందా? మా బంధువులు అడగడమే నామోషీ అంటున్నారు. — ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు తొందరగా చేయవలసిన పని చెబుతాను. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి మీ అబ్బాయికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. వీసా గడువు అంతకంటే ముందే తీరితే ఆ తేదీయే గడువు. ఈలోగా మరో సంస్థ అతని పేర దరఖాస్తు దాఖలు చేయాలి, లేదా అతడు వేరే రకం వీసాకు మారాలి, కుదరకపోతే బయలుదేరాలి. సాయం సంగతి దీని తరువాతే.

ఆహార సాయం, నగదు సాయం మీ అబ్బాయికీ కోడలికీ వర్తించవు. నిరుద్యోగ భృతిని రాష్ట్రాలు నడుపుతాయి. వెంటనే ఏ పనికైనా చేరగలిగే చట్టబద్ధమైన స్థితి ఉండాలన్న నిబంధన వల్ల హెచ్-1బి వారికి అది సాధారణంగా అందదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాను మామూలుగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, అయితే యజమాని కట్టే భాగం కూడా తానే కట్టుకోవాలి కనుక ఆ మొత్తం బరువుగా ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే ఆసుపత్రి అత్యవసర విభాగం డబ్బు అడగకుండా చూసి పరిస్థితిని కుదుటపరచాలని 1986 నాటి చట్టం చెబుతోంది, తరువాత బిల్లు మాత్రం తప్పదు.

మీ మనవడి సంగతి వేరు. అతడు అమెరికా పౌరుడు. ఇంటి ఆదాయం రాష్ట్రం పెట్టిన పరిమితికి లోబడితే మెడికెయిడ్ గాని, పిల్లల ఆరోగ్య బీమా గాని అతనికి వర్తిస్తుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు పాలు, గుడ్లు, ధాన్యాలు ఇచ్చే పోషకాహార పథకానికి తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు.

గ్రీన్ కార్డు భయానికి మూలం "ప్రభుత్వానికి భారమయ్యే మనిషి" అనే నిబంధన. 1882 నుంచీ అమెరికా వలస చట్టంలో అది ఉంది. నగదు సాయం మీద ప్రధానంగా ఆధారపడడం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్ వంటి సంస్థలో ఉండడం మాత్రమే భారంగా లెక్కలోకి వస్తాయని 1999లో స్పష్టం చేశారు. 2019లో చేసిన నియమం ఆహార సాయాన్నీ మెడికెయిడ్‌నూ కూడా కలిపింది. 2021లో అది రద్దయి పాత పద్ధతి తిరిగి వచ్చింది, 2022 డిసెంబరు నుంచి దాన్నే నియమంగా అమల్లోకి తెచ్చారు. ఈ నియమం కింద పౌరుడైన పిల్లవాడు అందుకున్నది తల్లిదండ్రుల మీద రాయరు. 2025 నవంబరులో దీన్ని ఎత్తివేయాలన్న ప్రతిపాదన వెలువడింది కనుక, దరఖాస్తు పెట్టే రోజున ఏ నియమం ఉందో వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడిగి తెలుసుకోమనండి. బంధువుల మాటా, నా మాటా కూడా అక్కడ చాలవు.

నామోషీ మాటకు వస్తే, 2019 నియమం గొడవలో పౌరులైన తమ పిల్లలను కూడా వైద్య సాయం నుంచి విరమింపజేసిన తల్లిదండ్రులు అమెరికాలో చాలామంది ఉన్నారు. నియమం వర్తించనివాళ్లే ఎక్కువగా భయపడ్డారు. మూడేళ్ల పిల్లవాడికి టీకాలు వాయిదా వేసి నిలబెట్టుకునే పరువు ఏపాటిదో మీ బంధువులే చెప్పాలి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా పౌరురాలైంది. మాకిద్దరికీ గ్రీన్ కార్డు వస్తే అక్కడి వృద్ధాప్య పింఛను, ఉచిత వైద్యం వస్తాయా? — ఒక దంపతులు, పాలకొల్లు

జవాబు: రావనే అనుకుని బయలుదేరండి. మిమ్మల్ని పిలిపించేటప్పుడు మీ అమ్మాయి తన ఆదాయం దారిద్ర్య రేఖకు 125 శాతమైనా ఉందని చూపి, మీ పోషణ తనదేనని పూచీ పత్రం రాస్తుంది. మీరు పౌరులయ్యేవరకో, మీ ఖాతాలో 40 త్రైమాసికాల పని జమ అయ్యేవరకో ఆ పూచీ చెల్లుతుంది. మీరు ఏదైనా సాయం తీసుకుంటే ఆ సొమ్మును ప్రభుత్వం ఆమె నుంచి రాబట్టుకోవచ్చు. పేద వృద్ధులకిచ్చే ఎస్ఎస్ఐ నగదు సాయానికి కూడా, పౌరసత్వం లేనివారికి, ఆ 40 త్రైమాసికాల నిబంధనే ఉంది. అమ్మాయి చేసిన పని మీ లెక్కలోకి రాదు.

వైద్యానికి ఒక దారి ఉంది. 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో వరుసగా అయిదేళ్లు అక్కడ నివసించినవారు మెడికేర్‌ను కొనుక్కోవచ్చు. 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి 185 డాలర్లు ఉండేది; ఇద్దరికీ విడివిడిగా కట్టాలి. మొదటి అయిదేళ్లకు ప్రైవేటు బీమా ఏది దొరుకుతుందో, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో మీరు ఇల్లు అద్దెకిచ్చేయకముందే అమ్మాయి చేత కనుక్కోండి.

ప్రశ్న: మా మండలంలో చెరువుల మీదా, రొయ్యల ప్లాంట్లలోనూ ఒడిశావాళ్లు నిండిపోయారు. నాట్లకు బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. మన డిపోల్లో వాళ్లు కూడా బియ్యం తీసుకుంటున్నారు. ఇలాగైతే మన పేదలకు మిగిలేదేమిటి? — రొయ్యల రైతు, ఆకివీడు

జవాబు: మీ పేదలకు రావలసిన గింజ ఒక్కటీ తగ్గదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో మొదలైనప్పుడు మొదటి జతలలో ఒకటి ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, రెండోది గుజరాత్–మహారాష్ట్ర. 2022 జూన్ నాటికి దేశమంతా చేరింది. ఒడిశా కార్మికుడు ఆకివీడు డిపోలో యంత్రం మీద వేలు పెట్టినప్పుడు కదిలేది 2013 ఆహార భద్రత చట్టం కింద అతని కార్డుకు ఉన్న మనిషికి అయిదు కిలోల కోటా. అతడు ఇక్కడ తన వాటా తీసుకుంటే, ఊళ్లో ఉన్న భార్యాపిల్లలు మిగతా వాటా అక్కడ తీసుకుంటారు, తన వాటా మళ్లీ అక్కడ రాదు. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం, ఖర్చు కేంద్రానిది. మన రాష్ట్రం సొంతంగా ఇచ్చే పింఛన్లు ఇక్కడి నివాసులకే గాని అతనికి రావు. డిపోలో సరుకు నిండుకుంటే అది ముందస్తు అంచనా తప్పడం వల్ల వచ్చే చిక్కు, కోటా పోవడం కాదు. ఆ ఫిర్యాదు తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వవచ్చు.

మీరు అడగని దాని గురించి కూడా ఒక మాట. ఆ కార్మికులు తీసుకుంటున్న అయిదు కిలోలు అందరికీ కనిపిస్తాయి, తీసుకోలేకపోతున్నవి ఎవరికీ కనిపించవు. ప్లాంటులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల గిల్లి, పొట్టు వలిచే ఆడవాళ్లకు వేళ్లు పాలిపోయి, చర్మం ఊడుతుంటుంది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ వైద్యం వర్తిస్తుంది. పేరు కాంట్రాక్టరు పుస్తకంలోనే ఉండిపోయి ఈఎస్ఐ నంబరు లేకపోతే ఆ వైద్యం అందదు. ఇళ్ల నిర్మాణ పనికి వచ్చినవారు ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. మేస్త్రీ ఆ తొంభై రోజులకు కాగితం ఇవ్వడు, మూడు నెలలకోసారి ఊరు మారే మనిషి దాని కోసం కూర్చోలేడు. పౌరసత్వం లేక టెక్సాస్ కార్మికుడు బయట ఉంటే, సొంత దేశంలో ఉండి కూడా కాగితం లేక ఈ కార్మికుడు బయట ఉన్నాడు.

దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కొత్తగా వచ్చినవారికి ఏడాది నివాసం ఉంటేనే సాయమని పెట్టిన షరతును అక్కడి సుప్రీంకోర్టు 1969లో షాపిరో కేసులో కొట్టివేసింది. పేదవాడు మెరుగైన బతుకు వెతుక్కుంటూ రాకుండా ఆపడం న్యాయమైన ఉద్దేశం కాదని ఆ తీర్పు చెప్పింది. మన ప్రాంతానికి ఈ వాదన కొత్తది కాదు. గోదావరి జిల్లాల నుంచి కోరంగి, కాకినాడ రేవుల మీదుగా రంగూన్ వెళ్లిన కూలీలను అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో మన రేవు కూలీలు జీతాల కోసం సమ్మె కట్టారు, యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు, సమ్మె విరమించి మనవాళ్లు తిరిగి పనిలోకి వచ్చేసరికి ఘర్షణ రేగి నగరమంతా నెత్తురు పారింది. అప్పుడు అక్కడివాళ్లు మన గురించి అన్న మాటలకూ, ఇవాళ మీ చెరువుగట్టు మీద వినబడే మాటలకూ పెద్ద తేడా ఉండదు. మీ ప్లాంటు వారికి ఒడిశా మనుషులు చవగ్గా దొరుకుతున్నారన్నదే మీ అసలు బాధ అయితే, డిపో దగ్గర కాకుండా వేతనాల పట్టిక దగ్గర అడగండి.

ప్రశ్న: మా చెల్లెలు ఇంటిపనికి కువైట్ వెళ్లబోతోంది. వయసు 32. అక్కడి ప్రభుత్వం నుంచి ఏ సాయమైనా ఉంటుందా? — రాజోలు పాఠకురాలు

జవాబు: అమ్మా, గల్ఫ్ దేశాల సంక్షేమమంతా వాళ్ల పౌరులకే. ఎన్నేళ్లు పనిచేసినా పౌరసత్వం రాదు కనుక అమెరికాలో లాగా వేచి ఉంటే దక్కేది కూడా లేదు. ఆమెకు దక్కేవి చట్టంలో రాసిన పని హక్కులు మాత్రమే. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం నెలకు 60 దినార్లని 2016లో నిర్ణయించారు.

మీ చెల్లెలు పదో తరగతి పాసు కాకపోతే, ఆమెకు వలస అనుమతి కావలసిన పాస్‌పోర్టే ఉంటుంది. ఇంటిపనికి పోయే స్త్రీలకు 30 ఏళ్లు నిండితేనే ఆ అనుమతి ఇస్తారు, మీ చెల్లెలికి వయసు అడ్డు లేదు. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, దాని మీద పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వైకల్యం ఏర్పడినా 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపిస్తానని ఏజెంటు అంటే ఒప్పుకోకండి. అలా వెళ్లినవారికి ఈ అనుమతీ ఉండదు, బీమా ఉండదు, అక్కడ పని చేసే హక్కే ఉండదు. రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆపదలో పడిన కార్మికులకు ఆశ్రయం, తిరుగు టికెట్టు, మృతదేహం తరలింపు దాని నుంచి భరిస్తారు. ఆమె బయలుదేరేముందు పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, బీమా పాలసీల నకళ్లు మీ దగ్గర ఒక జత ఉంచుకోండి. ఒప్పందం అరబ్బీలో మాత్రమే ఉంటే, జీతం అంకె, యజమాని పేరు, ఫోను నంబరు తెలుగులో రాయించి ఆ కాగితానికే గుచ్చండి.